సరిహద్దు సీమ: హోసూరు ప్రాంతపు భూమి, జనులు

విద్యార్థులారా! తమిళనాడు పటమును ముందుంచుకొని వాయవ్య మూలను చూడుడు. అచ్చటనే మన హోసూరు కలదు. ఉత్తరమునను, పడమటను కర్ణాటకము. జిల్లాకు ఈశాన్యమున ఆంధ్రప్రదేశము. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రములు ఏర్పడినపుడు మన ప్రాంతము అప్పటి మదరాసు రాష్ట్రములోనే నిలిచినది. సేలం జిల్లానుండి 1965లో ధర్మపురి జిల్లాయు, దానినుండి 2004లో మన కృష్ణగిరి జిల్లాయు ఏర్పడినవి.

నైసర్గిక స్వరూపము

హోసూరు మైసూరు పీఠభూమి అంచున, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. నందికొండలలో పుట్టిన దక్షిణ పినాకిని కెలవరపల్లి జలాశయమును నింపి కృష్ణగిరి వైపునకు సాగును. డెంకణికోటకు దక్షిణమున మేలగిరి కొండలు, దట్టమైన అడవులు కలవు. అంచెట్టి దాటి బిలిగుండ్లు చేరినచో, రెండు రాష్ట్రములకు సరిహద్దుగా ప్రవహించు కావేరి కనబడును. 2014లో ఈ అడవులలో సుమారు 504 చదరపు కిలోమీటర్లు కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడినవి.

జనసంఖ్య

2011 జనగణన ప్రకారము జిల్లా జనసంఖ్య 18,79,809. వైశాల్యము 5,143 చదరపు కిలోమీటర్లు. భాగించి చూడుడు: చదరపు కిలోమీటరునకు సుమారు 365 మంది. రాష్ట్రపు సగటు 555. కాని సగటును చూచి మోసపోరాదు. పరిశ్రమలు పెరిగిన హోసూరు పట్టణములో ఇండ్లు క్రిక్కిరిసి యున్నవి. కొండలలో ఊరికిని ఊరికిని నడుమ అడవియే. వాలు నేలలో నీరు నిలువదు. రక్షితారణ్యములో సేద్యము కూడదు. పండిన రాగిచేనిపై ఏనుగులు పడును. అందుచేతనే అచ్చట జనులు పలుచగా నున్నారు.

మన కర్తవ్యము

తెలుగు, తమిళము, కన్నడము కలిసి మెలగు సీమ ఇది. చిన్న ఊరిలో పదిమంది పిల్లలే పాఠశాలకు ప్రాణము. ఇద్దరు తగ్గినను లోటు తెలియును. ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధన సౌకర్యములు కల్పింపవలెనని రాజ్యాంగపు 350-ఏ అధికరణము చెప్పుచున్నది. అట్టి సౌకర్యము కోరువారికి లెక్కయే ఆధారము. రానున్న జనగణనకు 2027 మార్చి 1వ తేదీ ప్రమాణముగా నిర్ణయింపబడినది. తల్లిదండ్రులారా! గణకుడు మాతృభాష ఏదని అడిగినపుడు, బాల్యమున మీ తల్లి మీతో పలికిన భాషను సంకోచింపక చెప్పుడు. తెలుగైనను, కన్నడమైనను, తమిళమైనను సత్యమునే వ్రాయింపుడు.

అభ్యాసము

1. మీ ఊరిలో ఎన్ని ఇండ్లు కలవు? ఏ యే భాషలు మాటలాడుదురు?
2. మీ ఊరి వాగు ఏ నదిలో కలియును? పటము గీయుడు.