హంస ఈకల ఛాయాచిత్రము

హంస పాలను నీటిని వేరుచేయునని మన కవులు కొనియాడిరి. ఐరోపా సరస్సులలోని మూగహంస యను తెల్లని పక్షిని చిత్రించునపుడు వెలుగునీడలను వేరుచేయవలసినవారము మనమే. నల్లని నీటి నడుమ చిన్నదిగా కనబడు హంసను చూచి కెమెరా మోసపోవును. వెలుతురు చాలదని యెంచి అధికకాంతిని లోనికి రానిచ్చును. అప్పుడు ఈకలన్నియు ఒక్క తెల్లమచ్చ యగును. అట్లు చెరిగిన గీతలను పిదప ఏ ఉపాయముచేతను తిరిగి తేజాలము. కావున కాంతిని ముందే కొంచెము తగ్గింతము. మిట్టమధ్యాహ్నమును విడిచి, ప్రొద్దుటి ఏటవాలు ఎండలో, ప్రతి ఈకకును సన్నని నీడ పడువేళ చిత్రింతము. గూటికి మాత్రము దూరముననే నిలుతము. తల్లి బెదరి లేచినచో గుడ్లు చల్లబడును. చిత్రముకంటె ప్రాణము మిన్న కదా!