ఘాట్ ఎక్కబోయే మేనల్లుడికి

బెళుగుప్ప



చెనిక్కాయ పీకేశాం. కాయ రోంత తక్కువే గానీ, ఎద్దులకు మేతకు ఇబ్బంది లేదు. అది అట్లుంచు.

చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో నీ కారు రేసు శిక్షణ పూర్తయిందనీ, వచ్చే నెల కొత్త కారులో అమ్మమ్మనూ అమ్మనూ తిరుమలకు నువ్వే తీసుకుపోతావనీ అక్క చెప్పింది. "డ్రైవర్ ఎందుకు మామా, ట్రాక్‌లో తిప్పినోనికి ఘాట్ ఒక లెక్కా" అని నాతో కూడా అన్నావు. బతుకంతా లారీ తోలినవాణ్ణి, ఆ మాటకు ఫోన్లో జవాబు చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

ట్రాక్‌ను తక్కువ చేసి మాట్లాడేవాళ్ళతో నేను కలవను. బ్రేకు మలుపులో కాదు, మలుపుకు ముందే, బండి తిన్నగా ఉన్నప్పుడే వేయాలని నీకు అక్కడ నేర్పారు. చూపు బానెట్ మీద కాకుండా మలుపు అవతల ఉండాలని, స్టీరింగ్ కుదిపితే టైరు పట్టు వదిలేస్తుందని నేర్పారు. మమ్మల్ని కూర్చోబెట్టి ఇవి చెప్పినవాళ్ళు లేరు. క్లీనర్లుగా చేరి, తిట్లు తింటూ, డ్రైవర్ కాళ్ళూ చేతులూ చూసి నేర్చుకున్నాం. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుందన్న సంగతి నువ్వు అక్కడ కళ్ళారా చూసి ఉంటావు. ఆ చదువు ఎక్కడికీ పోదు, ఘాట్‌లో కూడా అక్కరకొస్తుంది.

అయితే ఒకటి గుర్తు చేసుకో. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగితే పోయి చూసొచ్చావు. 2.8 కిలోమీటర్ల దారి, 18 మలుపులు, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడని నువ్వే చెప్పావు. ఆ రేసు జరిగిన ఎన్టీఆర్ మార్గ్ మామూలు రోజుల్లో ఆటోలు, సిటీ బస్సులు, పిల్లల్ని ఎక్కించుకున్న స్కూటర్లు తిరిగే దారే కదా. దాన్ని రేసుకు పనికొచ్చేలా చేయడానికి ఏం చేశారో చూడు. రాకపోకలు ఆపేశారు, రెండు పక్కలా కాంక్రీటు దిమ్మెలు పేర్చి పైన కంచె కట్టారు. బండ్లన్నీ ఒకే వైపు పోతాయి. మలుపు మలుపుకూ జెండా పట్టుకున్న మనుషులు, పక్కన అంబులెన్సు, అగ్నిమాపక బండి. అంటే ఆ డ్రైవర్ల వేగం వెనక, ఎదురుగా ఎవరూ రారని వందలమంది కలిసి ఇచ్చిన మాట ఉంది. రేసు అయిపోయి దిమ్మెలు తీసేశాక అదే తారు మీద అదే వెర్న్ అయినా అట్లా తోలడు. ఘాట్‌లో నీకు ఆ మాట ఇచ్చేవాళ్ళు లేరు.

మన మెట్ట మీద తోలి పెరిగినవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. బెళుగుప్ప నుంచి కళ్యాణదుర్గం పోయినా, ఉరవకొండ పోయినా ఎదురొచ్చే బండి అంత దూరాన ఉండగానే కనబడుతుంది. బ్రేకుతో పెద్ద పని పడదు. కాలికి ఆ అలవాటు ఉండిపోతుంది. అదే కాలితో కదిరి, మదనపల్లె, పీలేరు దాటి భాకరాపేట ఘాట్‌లో దిగుతాం. 2022 మార్చి 26 రాత్రి ఆ ఘాట్‌లో ఏం జరిగిందో నీకు తెలుసు. ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి తిరుపతి పోతున్న బస్సు మలుపు దగ్గర లోయలో పడింది. తెల్లవారితే శుభకార్యం. అప్పట్లో మన జిల్లా వాళ్ళే, మన లాగే స్వామి ఊరికి బయల్దేరినవాళ్ళే. చీకట్లో తాళ్ళు పట్టుకుని దిగి మనుషుల్ని పైకి తెచ్చారు. అంతకు ముందు 2018 సెప్టెంబరు 11న తెలంగాణలో కొండగట్టు నుంచి కిందికి దిగుతున్న ఆర్టీసీ బస్సు బోల్తాపడి అరవై మందికి పైగా పోయారు. నిన్ను భయపెట్టాలని కాదు ఇవి రాయడం. దిగుడు అంటే ఏమిటో నీకు సరిగ్గా తెలియాలని.

లెక్క చెబుతాను, ఇంజనీరింగ్ చదివినవాడివి, నువ్వే సరిచూసుకో. 20 టన్నుల లారీ 300 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందనుకో. దిగేటప్పుడు వేగం పెరగకుండా ఉండాలంటే ఆ శక్తంతా వేడిగా మారి ఎక్కడో ఒకచోట పోవాలి. ఆ వేడితో 200 లీటర్ల డ్రమ్ము నిండా నీళ్ళను 30 డిగ్రీల నుంచి సలసలా కాగేదాకా తేవచ్చు. బ్రేకు ఒక్కదాంతోనే దించితే ఆ వేడంతా చక్రాల దగ్గరి ఇనుములో చేరుతుంది. మొదట మాడిన వాసన వస్తుంది, తర్వాత పెడల్ తొక్కినా లైనర్లు పట్టవు. కార్లలోనైతే, బ్రేకు ఆయిలు పాతబడితే అందులో చేరిన నీరు ఆవిరై, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. నీ కారు అంత బరువు ఉండదు, నిజమే. కానీ పద్ధతి అదే. రేసు కారు బ్రేకులు వందల డిగ్రీల వేడిలోనే బాగా పట్టేలా చేసినవి, వేడెక్కకపోతేనే వాటికి ఇబ్బంది. ఇంటి కారు బ్రేకు అట్లాంటిది కాదు.

అందుకే పాత డ్రైవర్లు చెప్పేది, ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. రెండో గేరులో పెట్టు, ఇంజను గట్టిగా అరుస్తుంది, అరవనీ. వేగం పెరిగితే గట్టిగా ఒకసారి బ్రేకు తొక్కి వదిలెయ్, ఊరికే కాలు ఆనించి పెట్టుకోవద్దు. ఆటోమేటిక్ అయితే ఎల్‌లో గానీ, మాన్యువల్ మోడ్‌లో గానీ పెట్టు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్ళను ఘాట్లలో చూశాను. వాళ్ళ పక్క సీట్లో కూర్చోవడానికి కూడా నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఇక దారి ఎవరిది అనే మాట. ట్రాక్ మీద వెనక నుంచి ఒక చుట్టు ఎక్కువ తిరిగిన బండి వస్తే, ముందున్నవాడికి నీలం జెండా చూపిస్తారు, వాడు పక్కకు తప్పుకుంటాడు. వేగంగా పోయేవాడిదే దారి. కొండ మీద చట్టమే వేరు. దారి ఇరుగ్గా ఉన్నచోట దిగేవాడు ఆగి, ఎక్కేవాడికి దారి ఇవ్వాలి. ఎక్కే బండి ఒకసారి ఆగితే మళ్ళీ కదలడం ఎంత కష్టమో, బరువుతో వెనక్కి జారితే ఏమవుతుందో లారీ తోలినవాళ్ళకు తెలుసు. క్లీనర్ రాయి చేత్తో పట్టుకుని వెనక టైరు పక్కనే పరుగెత్తుతాడు, బండి ఆగిన క్షణంలో రాయి టైరు కింద వేస్తాడు. అట్లాంటి లారీ ఎదురైతే హారన్ కొట్టి ఎచ్చులు పోవద్దు. నీ కారును పక్కకు తీసి గమ్మున నిలుపు. లైట్లు డిప్ చెయ్. అది పోయేదాకా కదలొద్దు.

తిరుమల కొండ మీద వరుస నాకు చాలా ఇష్టం. అక్కడ పాత దారి 1944లో తెరిచారు, ఇప్పుడు దాన్ని దిగడానికి వాడుతున్నారు. ఎక్కడానికి ఇంకో దారి ఉంది, కాబట్టి ఎదురు బండి బాధ లేదు. అంత చేసిన తర్వాత కూడా దేవస్థానం వాళ్ళు వేగాన్ని మన ఇష్టానికి వదిలిపెట్టలేదు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలని పెట్టారు. గేటు దగ్గర టైము చూస్తారు, అంతకన్నా ముందే చేరావంటే జరిమానా. ట్రాక్‌లో తక్కువ టైముకు కప్పు ఇస్తారు, ఇక్కడ అదే తక్కువ టైముకు డబ్బు కట్టించుకుంటారు. ఎక్కుడు కన్నా దిగుడుకు 12 నిమిషాలు ఎక్కువ పెట్టారే, అది గమనించు. కొండను తెలిసినవాళ్ళు రాసిన లెక్క అది. కొందరు కుర్రాళ్ళు రయ్యిన పోయి, గేటుకు ముందు బండి ఆపుకుని టైము గడిపి మరీ దాటతారట. నువ్వు ఆ పని చేస్తే అమ్మమ్మ చూస్తూ ఊరుకోదు.

ఇదంతా విని, రేసు డ్రైవర్లకు అణకువ ఉండదని మామ అంటున్నాడు అనుకోవద్దు. ఫార్ములా వన్ డ్రైవర్ నికీ లౌడా పేరు నీకు నాకన్నా బాగా తెలుసు. 1976లో జర్మనీలో నూర్‌బుర్గ్‌రింగ్ కొండల్లో దాదాపు 23 కిలోమీటర్ల ట్రాక్, అడవి మధ్య. అంత పొడుగు దారిలో ప్రమాదం జరిగితే సాయం అందదని, ఆ రేసు వద్దని ముందే వాదించాడు. మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. ఆ రేసులోనే కారు మంటల్లో చిక్కుకుని ముఖం కాలింది. ఫార్ములా వన్ మళ్ళీ ఆ కొండ దారికి పోలేదు. ఆరు వారాల్లో ఆయన తిరిగొచ్చి రేసులో కూర్చున్నాడు, అది ధైర్యం. కానీ నాకు అంతకన్నా గొప్పగా తోచేది అదే ఏడాది అక్టోబరులో జపాన్‌లో చేసింది. కుండపోత వాన. రెండు చుట్లు తిరిగి, ఇది తోలే వాన కాదని కారు పక్కకు తెచ్చి దిగిపోయాడు. ఒక్క పాయింటు తేడాతో ఛాంపియన్‌షిప్ జేమ్స్ హంట్‌కు పోయింది. లోకమంతా చూస్తుండగా ఆ పని చేయడానికి ఎంత గుండె కావాలో ఆలోచించు. పొగమంచు పట్టిన ఘాట్‌లో బండి పక్కకు పెట్టి గంట సేపు ఆగాల్సి వస్తే, వెనక సీట్లోవాళ్ళు ఏమనుకుంటారో అని సంకోచపడొద్దు.

మన ఊరి పక్క గాలిమరలు నిలబెట్టేటప్పుడు రెక్కలు తెచ్చిన ట్రైలర్ నీకు గుర్తుందా? చిన్నపిల్లాడివి, నా భుజాల మీద కూర్చుని చూశావు. నలభై యాభై మీటర్ల రెక్క, మన ఊరి మలుపు. ఆ డ్రైవర్ బండి దూరంగానే ఆపి, దిగి, చెప్పులు చేత పట్టుకుని మలుపంతా నడిచాడు. కరెంటు తీగ ఎత్తు చూశాడు, కాలువ గట్టు మట్టి కాలితో తొక్కి చూశాడు, టీ బంకు వాళ్ళను దారి ఎట్లుందని అడిగాడు. అప్పుడు ఎక్కి, తిరిగి చూడకుండా తిప్పేశాడు. రేసుకు ముందు మీ డ్రైవర్లు ట్రాక్ చుట్టూ నడుస్తారని నువ్వు చెప్పినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు. ఆయన పేరు అడిగి పెట్టుకోలేదు.

ఇప్పుడు పని మాటలు. బయల్దేరే ముందు బ్రేకు ఆయిలు మార్పించు, కొత్త కారైనా ప్యాడ్లు చూపించు. తెల్లవారుజామున కాదు, పొద్దు ఎక్కాక బెళుగుప్పలో కదలండి. భాకరాపేట వెలుతురులోనే దాటాలి. పీలేరులో టీ తాగి కాళ్ళు చాపుకోండి. నిద్ర వస్తే ఎవరికీ చెప్పకుండా నెట్టుకు రావద్దు. ఘాట్‌లో పాటలు వద్దు, అద్దం దించితే ఎదురు హారన్ వినబడుతుంది. అమ్మమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టు, వెనక కూర్చుంటే ఆమెకు తల తిరుగుతుంది. నిమ్మకాయలు నేను పంపిస్తా. మలుపుల్లో ఆమె తల ఊగకుండా తోలావంటే ట్రాక్‌లో నీకు నేర్పినవాళ్ళు కూడా సంతోషిస్తారు.

కళ్యాణదుర్గం దాకా నేను కూడా వస్తా, పక్కన కూర్చుని చూస్తా. తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్.

ఇట్లు,
మీ మామ