కింద పడ్డ 'లు'

'శుభాకాంక్షలు' అన్న మాటలో ఎన్ని అక్షరాలో ఎప్పుడైనా లెక్కపెట్టావా చెల్లెమ్మా? ఐదే. ఒక చేతి వేళ్లు చాలు. ఆ ఐదింటినీ ఒక అట్టముక్క మీద ఒకే వరసలో కూర్చోబెట్టడం నాకు చేతకాలేదు.

1997 కొత్త సంవత్సరం. నేను ఎనిమిదో తరగతి. తెనాలిలో మా వీధి చివరి ఫ్యాన్సీ షాపు వాళ్లు డిసెంబరు మూడో వారం రాగానే తాళ్లు కట్టి, గ్రీటింగు కార్డుల్ని బట్టలారేసినట్టు వరసగా వేలాడదీసేవాళ్లు. గులాబీలు, కుక్కపిల్లలు, సూర్యాస్తమయాలు, సినిమా హీరోలు. తెరవగానే పాట పాడే కార్డు ఒకటుండేది. దాన్ని తెరిచి, మూసి, మళ్లీ తెరిచి షాపాయన చేత చీవాట్లు తినని పిల్ల మా క్లాసులో లేదు. దాని ధర విని నాన్న "ఆ డబ్బుతో రెండు నోటుపుస్తకాలొస్తాయి" అన్నారు. సరే, నేనే చేస్తానన్నాను. ఏముంది, అట్ట మడిచి బొమ్మ వెయ్యడమేగా!

మొదటి కార్డు గుంటూరులో ఉన్న బాబాయికి. ముందు బొమ్మ వేశాను, కొండల మధ్య సూర్యుడు, కింద ఇల్లు, పక్కన కొబ్బరిచెట్టు. మన తరం ఆడపిల్లలందరికీ వచ్చిన ఏకైక దృశ్యం అదే కదా! తర్వాత ఎర్ర స్కెచ్ పెన్ను తీసుకుని ఎడమ అంచు నుంచి ధైర్యంగా మొదలుపెట్టాను. శు... భా... కాం... దీర్ఘాలు దర్జాగా సాగదీశాను. 'క్ష' దగ్గరికొచ్చేసరికి గుండె గుభేలుమంది. దాన్ని అంచుకి ఆనించి ఎలాగో ఇరికించాను. 'లు'కి చోటే లేదు. చివరికి దాన్ని కింద, సరిగ్గా కొబ్బరిచెట్టు నెత్తిన రాశాను.

బాబాయి ఆ కార్డు చదివి ఇంటికి ఫోన్ చేసి, "అమ్మాయ్, ఆ 'లు' చెట్టెక్కి కూర్చుందేంటే, కొబ్బరికాయలు దింపడానికా?" అన్నాడు. అంతే, ఇక మా ఇంట్లో నా పేరు 'లు' అయిపోయింది. పెళ్లిచూపుల రోజు కూడా లోపలి గదిలోంచి "లు ఎక్కడా?" అన్న కేక వినబడింది. మా ఆయన చాలా రోజులు నా ముద్దుపేరు లూసీ ఏమో అనుకున్నారట.

నవ్వకు. నీ దగ్గరా ఇలాంటివి ఓ నాలుగుంటాయి, నాకు తెలుసు.

అప్పటినుంచీ నా నమ్మకం ఏంటంటే, నా చేతిలో కళ లేదు. అమ్మ కూడా "నీ చెయ్యి కుదురు లేదే" అనేది. నిజానికి చేతి తప్పు సగమే చెల్లెమ్మా. మిగతా సగం కాగితం గురించి, జిగురు గురించి, మన అక్షరాల గురించి నాకు ఏమీ తెలియకపోవడం. ఆ సంగతి తెలియడానికే నాకు పన్నెండేళ్లు పట్టింది.

ముందు ఫెవికాల్ కథ చెబుతాను. నాకు జిగురంటే సాంబారులో నెయ్యి లెక్క, ఎంత పోస్తే అంత మంచిదనుకునేదాన్ని. రంగుకాగితం వెనక ధారగా పోసి, వేలితో పులిమి అతికించేదాన్ని. ఆ పూటకి బ్రహ్మాండంగా ఉండేది. తెల్లారి చూస్తే కాగితమంతా ముడతలు, మా నాయనమ్మ అరచెయ్యి గుర్తొచ్చేలా. ఆ తెల్ల జిగురులో ఉండేది చాలావరకు నీళ్లే. కాగితం ఆ నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆరుతూ ముడుచుకుంటుంది, కింద అట్టని కూడా తనతో లాగుతుంది. ఇప్పుడైతే పాత ఏటీఎం కార్డుతో జిగురుని పల్చగా గీకి, అంచుల దగ్గర మాత్రం చుక్కలు పెట్టి, పైన తెల్లకాగితం వేసి, రాత్రంతా బరువు కింద ఉంచుతాను. ఒకప్పుడు ఆ బరువు టెలిఫోన్ డైరెక్టరీ. అది పోయాక శబ్దరత్నాకరం ఎక్కింది. నిఘంటువుకి మా ఇంట్లో దక్కుతున్న సద్వినియోగం అంతే!

ఫెవికాల్‌తో కోపమొచ్చి కొన్నాళ్లు మైదాపిండి ఉడికించి వాడాను. సినిమా పోస్టర్లు అంటించే జిగురే అది. బాగా పట్టింది. కానీ అట్టపెట్టెలో దాచుకున్న ఆరు కార్డుల్ని పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగులు, బొద్దింకలు కలిసి విందు చేసుకున్నాయి. పువ్వులు వదిలేసి, పువ్వుల కింద జిగురున్న చోటల్లా చక్కగా కొరుక్కుతిన్నాయి. బైండింగ్ చేసేవాళ్లు మైదా జిగురులో మైలుతుత్తం ఎందుకు కలుపుతారో అప్పుడర్థమైంది. అది విషం, పిల్లలున్న ఇంట్లో దాని జోలికి పోకు.

శుభలేఖల సంగతి ఒకటి చెప్పకపోతే ఈ పూట నిద్రపట్టదు. పెళ్లిళ్ల సీజను అయ్యాక ప్రతి ఇంట్లో పాతిక శుభలేఖలు పోగవుతాయి కదా! మందపాటి అట్ట, బంగారు అచ్చు, నాలుగు మూలలా పసుపు. వినాయకుడి బొమ్మ ఉంటుందని పారెయ్యడానికి చెయ్యి రాదు. ఒకటి తీసి, పనికొచ్చే ముక్క కత్తిరించి, స్నేహితురాలి పుట్టినరోజుకి కార్డు చేశాను. ముందువైపు నెమలి దివ్యంగా కుదిరింది. వెనకవైపు తిప్పి చూసుకోవాలన్న ఆలోచన రాలేదు. దాని వెనక 'కనిష్ఠ పుత్రిక చి.ల.సౌ.' అనీ, కింద 'విందు: రాత్రి 7 గం.లకు' అనీ అలాగే ఉండిపోయాయి. ఆ పిల్ల నిజంగానే రాత్రి ఏడింటికి మా ఇంటికి భోజనానికి వచ్చింది. అమ్మ అప్పటికప్పుడు బంగాళాదుంపలు వేయించింది.

ఇక రాజమండ్రి మేనత్త కార్డు. 2004, డిగ్రీ చివరి ఏడు. అప్పటికి నాకు కాస్త పొగరు కూడా వచ్చింది. రావి ఆకుల్ని మూడు వారాలు నీళ్లలో నానబెట్టి, పచ్చదనమంతా కుళ్లి కరిగిపోయాక, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది, ఈనెల జాలీ మాత్రం మిగిల్చి ఆరబెట్టేదాన్ని. (ఆ బకెట్ వాసనకి మా పక్కింటివాళ్లు మునిసిపాలిటీకి చెబుతామన్నారు, అది వేరే కథ.) ఆ ఆకు అందానికి తగ్గట్టు దుకాణంలో దొరికిన అన్నింట్లోకీ మందమైన అట్ట కొన్నాను. దాని మీద 300 జీఎస్ఎం అని ఉంది. అదేదో గొప్ప సంగతిలా ఉంది కానీ అర్థం తెలియదు. ఏ4 సైజు షీటు సగానికి మడిచి, ఆకు అతికించి, పూసలు కుట్టి, కవర్లో పెట్టి, ఐదు రూపాయల స్టాంపు వేసి డబ్బాలో పడేశాను.

వారం తర్వాత అత్తయ్య ఫోను. "ఒసే, నీ గ్రీటింగు కార్డుకి పోస్టుమేన్‌కి డబ్బులు కట్టి విడిపించుకున్నానే!"

చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుంటుందో చెప్పేదే ఆ జీఎస్ఎం. మనం జెరాక్సుకి వాడేది 70, 80 ఉంటుంది. 300 అయితే ఏ4 షీటు ఒక్కటే దాదాపు 19 గ్రాములు తూగుతుంది. ఐదు రూపాయల స్టాంపుకి మామూలు ఉత్తరం 20 గ్రాముల దాకానే. ఇక ఆకు, పూసలు, కవరు ఎక్కడ పట్టాలి? తగ్గిన స్టాంపుకి రెట్టింపు అందుకున్నవాళ్ల దగ్గర వసూలు చేస్తారు. అత్తయ్య ఆ మొత్తాన్ని సంక్రాంతికి అందరి ముందూ నా దగ్గర వడ్డీతో సహా రాబట్టింది. అప్పటినుంచీ పోస్టులో పంపేవాటికి షీటుని సగానికి కోసి ఆ సగాన్ని మడుస్తున్నాను. తొమ్మిదిన్నర గ్రాములు. మిగతా పదిన్నరా ఆకులకీ కవరుకీ.

మడత అన్నాను కదా, అసలు పాఠం అక్కడే నేర్చుకున్నాను. పెళ్లయి హైదరాబాద్ వచ్చాక ఛత్తా బజారుకి వెళ్లడం అలవాటైంది. శుభలేఖలు అచ్చేసే ప్రెస్సులు వరసగా ఉంటాయక్కడ. ఉర్దూ చేతిరాత రాసిచ్చేవాళ్లకీ ఆ బజారు పేరు మోసింది. నేను వెళ్లేది కటింగ్ మిషను కింద పడే అట్టముక్కల కోసం, తూకానికిచ్చేవాళ్లు. 2009లో ఒకరోజు అక్కడే నిలబడి, నా సంచీలోంచి ఒక కార్డు తీసి, మిషను నడిపే పెద్దాయనకి చూపించి నా బాధ చెప్పుకున్నాను. ఎంత జాగ్రత్తగా మడిచినా మడత దగ్గర అట్ట పగిలి తెల్లగా పీచు బయటికొస్తోంది, నా చేతిలోనే ఏదో దోషముంది అన్నాను. ఆయన కార్డు వంక చూడనేలేదు. కింద పడ్డ ఒక పెద్ద ముక్క తీసి, మడవకుండా, రెండు చేతులతో మెల్లగా ఒకవైపు వంచాడు. సుఖంగా వంగింది. దాన్నే అడ్డం తిప్పి మళ్లీ వంచాడు. ఎదురు తిరిగి బిర్రుగా నిలబడింది.

"కట్టెకున్నట్టే దీనికి భీ వరస ఉంటదమ్మా. వరస ఎంబడి మడిస్తే మాట ఇంటది. అడ్డం మడిస్తే పగుల్తది. చేతిని ఎందుకు తిట్టుకుంటవ్?" అన్నాడు.

నీకూ నమ్మకం కుదరాలంటే ఇవాళ్టి పేపరు తీసుకో. పైనుంచి కిందికి చింపు, గీత గీసినట్టు నిటారుగా వస్తుంది. ఇప్పుడు అడ్డంగా చింపు, వంకర్లు తిరిగి ఎటో పోతుంది. మిషను మీద కాగితం తయారయ్యేటప్పుడు పీచు ఎక్కువగా అది సాగే దిక్కుకే వాలుతుంది, కిటుకంతా అదే. నేను పన్నెండేళ్లపాటు అట్టని పొదుపు కోసం ఎటు కలిసొస్తే అటు కోసి, వరసకి అడ్డంగా మడిచి, పగిలితే నా చేతిని తిట్టుకున్నాను.

ఆ రోజు ఇంటికొచ్చి, స్టీలు స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన రీఫిల్‌తో గట్టిగా ఒక గీటు పెట్టి, వరస ఎంబడి మడిచాను. మడత మీద గోరు పెట్టి నిమిరితే ఎక్కడా పీచు తగల్లేదు. మా ఆయన్ని పిలిచి చూపించాను. "మడిచావు, బావుంది" అన్నారు. మగవాళ్లకి ఇలాంటివి చెప్పి లాభం లేదు.

అక్షరాలు మాత్రం ఎవరూ నేర్పలేదు, పడుతూ లేస్తూ నేర్చుకున్నవే. దుకాణాల్లో దొరికే స్టెన్సిళ్లు, అతికించే అక్షరాలు అన్నీ ఇంగ్లీషువే. మన తెలుగుకి తల మీద గుడులుంటాయి, కాళ్ల కింద ఒత్తులుంటాయి. 'జన్మదిన' అని రాసి దాని కింద ఇరుకుగా 'శుభాకాంక్షలు' రాస్తే, పైనున్న మ ఒత్తు దిగొచ్చి కింద 'భా' నెత్తిన కూర్చుంటుంది. అందుకని రెండు వరసల మధ్య ఒక అక్షరమంత ఖాళీ వదలాలి. ఎడమ అంచునుంచి మొదలుపెట్టనే కూడదు. ముందు చిత్తుకాగితం మీద మాటంతా రాసి, ఆ కాగితాన్ని పట్టీలా కత్తిరించి, సగానికి మడిస్తే మధ్య ఎక్కడో తెలుస్తుంది. మన మాటలో నడిమి అక్షరం 'కాం'. దాన్ని కార్డు నడిబొడ్డున కూర్చోబెట్టి, అటు రెండు, ఇటు రెండు సర్దుకుంటూ పోవాలి. ఇంత చిన్న విషయం 1997లో తెలిసుంటే నా పేరు నాకుండేది.

గ్లిట్టర్ గురించి అడగకు. అది ఇంట్లోకి వస్తే అల్లుడొచ్చినట్టే, పొమ్మనలేం. ఒక దీపావళికి చల్లితే ఉగాది పచ్చట్లో కూడా మెరిసింది. ఇప్పుడు మా ఇంట్లో నిషేధం.

ఒకసారి మనసు మరీ కష్టపడినప్పుడు ఎక్కడో చదివింది గుర్తు తెచ్చుకున్నాను. మొట్టమొదటి క్రిస్మస్ కార్డు 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన వేయించాడు. వచ్చిపడుతున్న ఉత్తరాలకి జవాబులు రాయలేక! జాన్ హార్స్‌లీ అనే చిత్రకారుడు బొమ్మ వేశాడు, వెయ్యి కాపీలు, ఒక్కోటి ఒక షిల్లింగు. బొమ్మలో కుటుంబమంతా వైన్ తాగుతుంటే చిన్నపిల్ల కూడా తాగుతోందని మద్యం వద్దనేవాళ్లు మండిపడ్డారు. వాళ్ల మొదటి కార్డే తిట్లు తింది. కొబ్బరిచెట్టు ఎక్కిన నా 'లు' ఏపాటి!

మొన్న బాబాయికి డెబ్బై నిండుతుంటే భీమరథ శాంతి చేశారు. ఇరవై ఎనిమిదేళ్ల పరువు దక్కించుకోవాలని నెల ముందే కూర్చున్నాను. అట్ట వరస చూసుకున్నాను, గీటు పెట్టాను, రావి ఆకు మీద పల్చగా పసుపురంగు అద్దాను. 'కాం' నడిమధ్యన, మిగతావి అటూ ఇటూ. ఈసారి పోస్టుని నమ్మలేదు, గుంటూరు వెళ్లి చేతికే ఇచ్చాను.

బాబాయి కళ్లజోడు పైకి తోసుకుని, కార్డుని కిటికీ వెలుగులోకి పట్టుకుని, చూపుడువేలితో ఒక్కో అక్షరం తాకుతూ చదివాడు. శు. భా. కాం. క్ష. లు. వేలు అక్కడే ఆగింది. కార్డు తిప్పి వెనకవైపు చూశాడు. నా వంక చూశాడు.

"ఇదెక్కడ కొన్నావే?" అన్నాడు.