కీమోథెరపీ వల్ల కలిగే నరాల దెబ్బ: పోషక మాత్రలు నివారించగలవా?

పామిడిముక్కల ప్రాంతంలో వరి కోతకు ముందే నిలిచి ఉన్న చేలో మినుము చల్లుతారు. బురదలోనూ, కోసిన వరి కొయ్యకాళ్ళ మధ్యనూ తిరిగే మనిషికి పాదాల స్పర్శయే మొదటి రక్షణ. కీమోథెరపీ పొందుతున్నవారిలో ఆ స్పర్శ తగ్గిపోవచ్చు. అప్పుడు కొయ్య గుచ్చుకొన్నా తెలియదు.

పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్, విన్‌క్రిస్టీన్ ఈ బాధకు పేరుమోసిన మందులు. విన్‌క్రిస్టీన్ మన పెరళ్ళలోని బిళ్ళగన్నేరు నుండి లభించేదే. కణవిభజనకు అవసరమైన సూక్ష్మనాళికలను చెరిపి అది క్యాన్సర్ కణాన్ని చంపుతుంది. నాడీతంతువు సైతం పోషకాలను అటువంటి నాళికల వెంబడే చేరవేసుకొంటుంది. పొడవైన తంతువులు ముందుగా దెబ్బతింటాయి కనుక తిమ్మిరి సాధారణంగా కాలివేళ్ళ వద్ద మొదలవుతుంది.

నరాల జబ్బు అనగానే బి-విటమిన్ గుర్తుకు రావడానికి కోస్తాలో కారణమున్నది. మరపట్టిన తెల్లబియ్యమే ప్రధానాహారమైన ఉత్తర సర్కారులలో ఒకప్పుడు బెరిబెరి ఉండేది. అది తవుడుతో పాటు పోయిన థయమిన్ లోపఫలితం. లోపం తీరిస్తే నరం చాలవరకు కోలుకొంటుంది. కీమోథెరపీలో నరాన్ని చెరుపుతున్నది లోపం కాదు, మందు. ఈ తేడా గమనింపనందువల్లనే మాత్రలపై ఆశ పెరుగుతున్నది.

అసిటైల్-ఎల్-కార్నిటిన్ సంగతి చూడండి. 2013లో వెలువడిన అమెరికా ప్రయోగంలో, రొమ్ము క్యాన్సరుకు టాక్సేన్ మందులు పొందుతున్న 409 మంది స్త్రీలలో కొందరికి రోజుకు 3,000 మి.గ్రా. కార్నిటిన్, తక్కినవారికి మందులేని మాత్ర ఇచ్చారు. 24 వారాలకు కార్నిటిన్ వాడినవారిలోనే నరాల బాధ అధికమైంది. చీటీ లేకుండా దొరికే మాత్ర హాని చేయదన్న ధీమా ఇక్కడే వీగిపోయింది. విటమిన్-ఇ, కాల్షియం-మెగ్నీషియం పెద్ద ప్రయోగాలలో రక్షణ చూపలేదు. బి6 అతిగా వాడితే అదే నరాలను చెరుపుతుంది. అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2020లో సవరించిన మార్గదర్శకాలు నివారణకు ఏ మాత్రనూ సిఫారసు చేయలేదు, కార్నిటిన్ వాడవద్దన్నవి.

రక్తపరీక్షలో బి12 లోపం తేలితే దానిని సరిచేయవలసినదే. అది వేరు చికిత్స. మినుములు, ముడిబియ్యం ఆహారంగా మంచివే, ఈ బాధకు మందు మాత్రం కావు.

రవికె హుక్కులు పెట్టుకోలేకపోయినా, చెప్పు జారినది తెలియకపోయినా తరువాతి విడత మందుకు ముందే వైద్యునికి చెప్పాలి. మోతాదు తగ్గించడం, వాయిదా వేయడం, మందు మార్చడం ఆయన చేతిలోని మార్గాలు. వాడుతున్న మాత్రలన్నీ, నాటుమందులతో సహా, ఆయనకు చూపాలి. పొలంలోకి మూసిన బూట్లతోనే దిగాలి. స్నానపు నీటి వేడిని స్పర్శ తగ్గని మోచేతితో చూడాలి. ప్రతి రాత్రి అరికాళ్ళను దీపం వెలుగులో పరీక్షించుకోవాలి.