దమ్మక్క పెట్టింది, మనం పెట్టేది

ఈ వారం వీడియోలో భద్రాచలం కథ చూశారు కదా. గోపన్న, తానీషా, గోల్కొండ చెరసాల మనందరికీ తెలిసినవే. వీడియోలో రెండు ముక్కల్లో దాటేసిన పోకల దమ్మక్క దగ్గర ఇవాళ కాసేపు ఆగుదాం.

దమ్మక్క గిరిజన స్త్రీ. పుట్టలో ఉన్న రాముణ్ని ఆమే కనుగొని, తాటాకు పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టిందని స్థలపురాణం. పాల్వంచ తహశీల్దారు గోపన్న గుడి కట్టించింది ఆ తర్వాతే. అంటే స్వామికి మొదట నీడ ఇచ్చింది అడవి బిడ్డే!

ఇప్పుడు మన భక్త బృందాలు అదే అడవికి, పినపాక, చర్ల వైపు గూడేలకు, 'సేవ' అని వెళ్తున్నాయి. దుప్పట్లు, పాత చీరలు, పులిహోర పొట్లాలు. తప్పని అనను. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు! అలాంటి రోజున అన్నం పొట్లమే ప్రాణం. మరి నీళ్లు తీశాక? బురద పట్టిన బావి, తడిసిపోయిన విత్తనాలు ఫొటోలో అంత బాగా పడవు. (ఫొటో సరిగ్గా రాలేదని ఇచ్చిన దుప్పటే మళ్లీ ఇచ్చినవాణ్ని నేను. తలుచుకుంటే సిగ్గేస్తుంది.)

అనంతపురం జిల్లా సంగతి చూడండి. అక్కడ చాలా ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు. 1990ల మధ్యలో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు భక్తుల విరాళాలతో ఏడువందలకు పైగా ఊళ్లకు తాగునీరు ఇచ్చింది. ఆ ఊళ్లకు ఏం లేదో అదే ఇచ్చారు. ఆ నీళ్లు అన్ని మతాలవాళ్లకీ.

మన సత్సంగం దగ్గర అంత డబ్బు లేదు, నిజమే. అడగడానికి మాత్రం డబ్బక్కర్లేదుగా? పినపాక వైపు వెళ్తే మొదటిసారి ఖాళీ చేతులతో వెళ్లండి. గూడెం పెద్దల దగ్గర కూర్చోండి, అంగన్‌వాడీ టీచరునీ కలవండి. బోరు మరమ్మతు కావాలంటారో, హాస్టల్లో చదివే పిల్లకి పుస్తకాలు కావాలంటారో వినండి. వాళ్లు ఏదైనా పెడితే వద్దనకుండా తినండి. వాళ్లకి వాళ్ల వేల్పులు ఉన్నారు, సమ్మక్క సారలమ్మ ఉన్నారు. మన స్తోత్రం నేర్చుకుంటేనే సాయం అనే షరతు పెట్టొద్దు.

సామాన్ల లిస్టు అక్కడే కూర్చుని రాసుకోండి. వెళ్లేదేదో మే నెలలోపే వెళ్లండి, వానలు మొదలై వాగులు పొంగితే కొన్ని గూడేలకు దారే ఉండదు.