మాటకు ముద్ర

ఏలూరు నగరానికి ఆనుకొని, పెదపాడు మండలంలో వట్లూరు అనే గ్రామం ఉన్నది. చెన్నై నుండి హౌరాకు పోయే రైలుమార్గం మీద అది ఒక చిన్న స్టేషను. ఆ రెండు మహానగరాలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారి కూడా ఆ ప్రాంతం గుండానే సాగుతుంది. దక్షిణాన కొల్లేరు. చలికాలంలో వేకువజామున సరస్సు మీది నుండి, చేపల చెరువుల మీది నుండి, వరి చేల మీది నుండి లేచిన పొగమంచు ఈ రెండు దారులనూ కప్పివేస్తుంది. కైకలూరు, ఆకివీడు ప్రాంతాలలో మంచుగడ్డల నడుమ చేపలు సర్దిన పెట్టెలతో బయలుదేరిన లారీలు బెంగాలు, అస్సాం దిక్కుగా పోయేది ఈ రహదారి మీదనే.

దారిలో టైరు పగిలి ఆగిపోయిన లారీ వెనుక ఒక పచ్చని చెట్టుకొమ్మను విరిచి పడవేయడం, నాలుగు రాళ్ళు పేర్చడం డ్రైవర్లలో చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. దారి మీద ఒక మనిషి తనకు తెలియని మరొక మనిషికి పంపే సందేశమది. పగటిపూట అది చాలు. పొగమంచులో ఆ కొమ్మ కనిపించదు. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు 25 మీటర్లు ముందుకు పోతుంది. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద కాలు మోపడానికి మనిషికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది. ఆలోగా 25 నుండి 50 మీటర్లు దాటిపోతాయి. బరువుతో ఉన్న లారీ పూర్తిగా ఆగడానికి పట్టే దూరం దీనికి అదనం.

ఆగిన లారీయే ‘ఇక్కడ ఆగి ఉన్నాను’ అని వెనుక వచ్చే వాహనాలకు చెప్పగలిగితే బాగుండును కదా అన్న ఆలోచన నుండి పుట్టినదే అనుసంధిత వాహనాల విజ్ఞానం. వాహనం వాహనంతోను, వాహనం దారి పక్కన నిలిపిన యంత్రంతోను మాట్లాడే ఏర్పాటు ఇది.

దారి, వాహనం మాట్లాడుకోవడం ఆ ప్రాంతంవారికి పూర్తిగా కొత్త కాదు. పెదపాడు మండలంలోనే కలపర్రు వద్ద టోలు వసూలు కేంద్రం ఉన్నది. కారు ముందు అద్దానికి అంటించిన ఫాస్టాగ్ బిళ్ళలో బ్యాటరీ ఉండదు. పైనున్న యంత్రం ప్రసరించిన రేడియో తరంగాల శక్తితోనే అది మేల్కొని తన సంఖ్యను చెబుతుంది. ఆ సంఖ్య ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్లకు చేరుతుంది. బిళ్ళ ఏ బ్యాంకుదో, ఏ ఖాతాకు చెందినదో అక్కడ తేలుతుంది. 2021 ఫిబ్రవరి నుండి జాతీయ రహదారుల టోలు కేంద్రాలలో ఈ విధానం తప్పనిసరి అయినది. ఇక్కడ పొరపాటు జరిగితే పోయేది కొంత సొమ్ము మాత్రమే. ఫిర్యాదు చేసి రాబట్టుకోవచ్చు. పొగమంచులో వచ్చే సందేశం విషయంలో అటువంటి వెసులుబాటు లేదు.

వాహనాల సందేశాలు రెండు మార్గాలలో ప్రయాణిస్తాయి. మొదటిది నేరు మార్గం. ప్రతి వాహనమూ తన స్థానం, వేగం, దిశ మొదలైన వివరాలను సెకనుకు సుమారు పదిసార్లు రేడియో తరంగాల మీద చాటుతుంది. దీనికోసం 5.9 గిగాహెర్ట్‌జ్ ప్రాంతంలోని తరంగాలను అమెరికా 1999లోనే కేటాయించినది. ఈ మాట కొన్ని వందల మీటర్ల వరకే వినబడుతుంది. కాని క్షణంలో వినబడుతుంది. రెండవది క్లౌడ్ మార్గం. క్లౌడ్ అంటే మేఘం. పేరుకు మేఘమేగాని అది ఆకాశంలో ఉండదు. పెద్ద భవనాలలో బారులు తీరిన కంప్యూటర్లకే ఆ పేరు. లారీ పంపిన సందేశం మొబైల్ టవరు ద్వారా అక్కడికి చేరుతుంది. ఆ కంప్యూటర్లు భూపటాన్ని చిన్న చిన్న గళ్ళుగా విభజించుకొని, ఏ వాహనం ఏ గడిలో ఉన్నదో చూసుకొని, అవసరమైనవారికే మాటను అందజేస్తాయి. తాడేపల్లిగూడెం దగ్గర ఆగిన లారీ సంగతి అయిదు కిలోమీటర్ల వెనుక వస్తున్న బస్సుకు కావాలి. విజయవాడ దాటిపోయిన కారుకు అక్కరలేదు. టవరుకు పోయి రావడంలో కొంత జాప్యం తప్పదు కనుక, ఎదురెదురుగా రాబోతున్న రెండు బండ్లను తప్పించడానికి నేరు మార్గమే శరణ్యం. దూరాన పొంచి ఉన్న ఆపదను ముందే తెలపడానికి క్లౌడ్ మేలు.

ఇంతవరకు చెప్పినది వేగానికి సంబంధించిన విషయం. అసలు చిక్కు నమ్మకం దగ్గర వస్తుంది. ‘ముందు లారీ ఆగి ఉన్నది’ అన్న మాట నిజంగా ఒక లారీ పంపినదేనా? ఎవడో ఆకతాయి ఇంట్లో కూర్చొని పంపినదా? అబద్ధపు హెచ్చరికను నమ్మి నూరు వాహనాలు ఒక్కసారిగా బ్రేకులు వేస్తే, రక్షణ కోసం పెట్టిన ఏర్పాటే ప్రమాదాన్ని తెచ్చిపెడుతుంది.

సుందరకాండలో సీతకు ఎదురైన సందేహం ఇటువంటిదే. తాను రామదూతనని హనుమంతుడు చెప్పగానే ఆమె నమ్మలేదు. ఒకసారి సన్న్యాసి వేషానికి మోసపోయినది కనుక, ఇదీ రావణుని మాయేమో అని శంకించినది. హనుమ రాముని గుణరూపాలను వర్ణించి, ముద్రికను అందించిన తరువాతనే ఆమె మనసు కుదుటపడినది. తిరుగు సందేశంగా ఆమె చూడామణితోపాటు, రామునికీ తనకూ మాత్రమే తెలిసిన కాకి వృత్తాంతాన్ని కూడా చెప్పి పంపినది. ఉంగరాన్ని దొంగిలించవచ్చు, ఇద్దరికే తెలిసిన రహస్యాన్ని దొంగిలించడం కష్టం. నేటి గూఢలిపి శాస్త్రం ఈ రెండవ ఆధారాన్నే ఎక్కువగా ఆశ్రయించినది.

రైల్వేలలోనూ ముద్రికకు దీటైన వస్తువు ఒకటి ఉండేది. ఒంటి పట్టాల మార్గంలో రైలు తదుపరి స్టేషనుకు కదలాలంటే లోకో పైలటు చేతికి ఒక ఇనుప బంతి అందాలి. రెండు స్టేషన్లలోని యంత్రాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండి, ఒకసారికి ఒకే బంతిని విడుదల చేసేవి. బంతి చేతిలో ఉన్నదంటే ఎదురుగా మరో రైలు రావడం లేదని అర్థం. పేము వలయానికి తగిలించిన ఆ బంతిని కదులుతున్న రైలులోంచి అందుకోవడం ఒక తరంవారికి సుపరిచితమైన దృశ్యం.

ముద్ర లేని మాటకు లొంగితే ఏమవుతుందో 2023 ఆగస్టులో పోలండ్ దేశం చవిచూసినది. అక్కడి పాత రేడియో పద్ధతిలో మూడు స్వరాలు ఒక వరుసలో వినిపిస్తే చాలు, రైలు ఆగిపోతుంది. ఆ స్వరాలు ఎవరు పంపారని అడిగే ఏర్పాటు లేదు. ష్చెచిన్ నగరం పరిసరాలలో ఎవరో ఆ స్వరాలను ప్రసారం చేయగా సుమారు 20 రైళ్ళు నిలిచిపోయినవి. ఎవరికీ గాయాలు కాకపోవడం అదృష్టం. అంతకు ముందు, 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే పరిశోధకులు రహదారిపై పోతున్న జీపును మొబైల్ నెట్‌వర్కు ద్వారా దూరం నుండే అదుపులోకి తీసుకొని చూపించారు. దాని ఫలితంగా అమెరికాలో 14 లక్షల వాహనాలను లోపం సరిదిద్దడానికి వెనుకకు పిలిపించవలసి వచ్చినది.

దీనికి విరుగుడు డిజిటల్ సంతకం. ప్రతి వాహనానికీ జంట తాళపుచెవులు ఉంటాయి. ఒకటి రహస్యం, అది వాహనం దాటి బయటికి రాదు. రెండవది బహిరంగం. రహస్యపు చెవితో వేసిన సంతకం సరైనదో కాదో బహిరంగపు చెవితో ఎవరైనా పరీక్షించవచ్చు. కాని దానితో కొత్త సంతకం వేయలేరు. సందేశంలో ఒక్క అక్షరం మారినా సంతకం చెల్లదు. అందువల్ల నడుమనున్న క్లౌడ్ కంప్యూటర్లలోకి దొంగ చొరబడినా మాటను మార్చలేడు. మహా అయితే దానిని ఆపగలడు, ఆలస్యం చేయగలడు. ఫలానా బహిరంగపు చెవి నిజమైన వాహనానిదే అని ధ్రువపత్రం ఇచ్చే అధికార కేంద్రం ఒకటి ఉంటుంది. మోసానికి పాల్పడిన వాహనపు ధ్రువపత్రాన్ని రద్దు చేసి, ఆ జాబితాను అందరికీ తెలియజేస్తారు.

నిన్నటి నిజమైన సందేశాన్ని పట్టి ఉంచి నేడు వినిపించడం మరో రకం మోసం. సంతకం అసలుదే, మాట పాతది. అందుకే ప్రతి సందేశంలోనూ సమయం, స్థలం కూడా సంతకంలో భాగమై ఉంటాయి. ఇంతకన్నా సున్నితమైన సమస్య ఇంకొకటి ఉన్నది. సెకనుకు పదిసార్లు తన పేరు, చోటు చాటుకునే కారును ఎవరైనా వెంబడించవచ్చు. యజమాని ఏ ఆసుపత్రికి పోయినదీ, ఎవరి ఇంటి ముందు ఎంతసేపు ఆగినదీ అందరికీ తెలిసిపోతుంది. దీనిని నివారించడానికి వాహనాలకు తరచుగా మారే మారుపేర్లతో ధ్రువపత్రాలు ఇస్తారు. అమెరికాలో రూపొందిన పద్ధతిలో ఆ పని ఒకే కార్యాలయం చేతిలో ఉండదు. ఏ ఒక్క కార్యాలయానికీ మారుపేరు, అసలు యజమాని రెండూ తెలియకుండా పంచివేశారు. ఈ జాగ్రత్త లేని ఏర్పాటు ఎంత వేగవంతమైనదైనా పౌరుడు సంతోషించదగినది కాదు.

తెలుగు నేలమీద ఈ విజ్ఞానం ముందుగా రైలు పట్టాల మీద పండినది. రైళ్ళు ఢీకొనకుండా కాపాడే కవచ్ వ్యవస్థను 2016 ఫిబ్రవరి నుండి దక్షిణ మధ్య రైల్వేలో ప్రయాణికుల రైళ్ళపై పరీక్షించారు. లింగంపల్లి–వికారాబాద్–వాడి, వికారాబాద్–బీదర్ మార్గాలు దానికి ప్రయోగశాలలు. పట్టాల నడుమ స్లీపర్లకు బిగించిన బిళ్ళలను చదివి ఇంజను తానెక్కడ ఉన్నదీ తెలుసుకుంటుంది. ఫాస్టాగ్‌లో బిళ్ళ బండికి, చదివే యంత్రం దారికి ఉంటే, ఇక్కడ అది తారుమారు. ఇంజనుకూ స్టేషనుకూ నడుమ రేడియోలో సాగే మాటలు గూఢలిపిలో ఉంటాయి. వాటికి కావలసిన తాళపుచెవులను ఒక కేంద్ర వ్యవస్థ మొబైల్ నెట్‌వర్కు ద్వారా అందజేస్తుంది. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య రెండు ఇంజన్లను ఒకే పట్టాపై ఉంచి పరీక్షించారు. ఒకదానిలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్, మరొకదానిలో రైల్వే బోర్డు ఛైర్మన్ ఉన్నారు. ఎదుటి ఇంజనుకు 380 మీటర్ల దూరంలో మంత్రి ఉన్న ఇంజను తనంత తానే ఆగినది.

రైల్వే భద్రతలో ఒక పాత సూత్రం ఉన్నది: మాట రాకపోవడాన్ని అనుమతిగా తీసుకోరాదు. తీగ తెగితే సిగ్నలు చేయి ప్రమాద స్థితికి వచ్చేటట్లు పూర్వమే అమర్చారు. రహదారి మీద ఈ సూత్రం అంత సులువుగా చెల్లదు. గడ్డి మోసే ట్రాక్టరుకు, సైకిలుకు, చెరువు గట్టు దిగి వచ్చే గేదెల మందకు ధ్రువపత్రాలు ఉండవు. వాటి నిశ్శబ్దాన్ని ప్రమాదంగా భావిస్తే బండి కదలదు. క్షేమంగా భావిస్తే బండి ఆగదు. హైదరాబాదు ఐఐటీలో 2022 జూలైలో ప్రారంభమైన టిహాన్ అనే పరీక్షా ప్రాంగణంలో ఇటువంటి మిశ్రమ పరిస్థితులనే అధ్యయనం చేస్తున్నారు. అంబులెన్సు రాకను, ఎదురుదారిలో వచ్చే బండిని ముందే తెలిపే విధానాలను అదే సంస్థ వాహన తయారీదారులతో కలిసి అదే సంవత్సరం ప్రదర్శించినది.

సంతకం ఎంత గట్టిదైనా తీరని లోటు ఒకటి మిగులుతుంది. వట్లూరు మీదుగా నిత్యం చెన్నైకి పోయే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగ బజార్ స్టేషనులో ఆగి ఉన్న గూడ్సు రైలును ఢీకొన్నది. 290 మందికి పైగా మరణించారు. లోకో పైలటుకు కనిపించినది పచ్చదీపం. ప్రధాన మార్గంలో నేరుగా పొమ్మని దాని భావం. పట్టాలు మాత్రం పక్కనున్న లూపు మార్గానికి మళ్ళించి ఉన్నవి. సిగ్నలు సర్క్యూట్లలో గతంలో చేసిన మార్పులలోను, లెవెల్ క్రాసింగు గేటు పనులలోను జరిగిన లోపాలే ఇందుకు కారణమని దర్యాప్తులో తేలినది. బయటివాడెవడూ చొరబడలేదు. మాట పలికినది అసలైన సిగ్నలే. పలికిన మాట అబద్ధం. ఎవరు చెప్పారన్నదానికి సంతకం సాక్ష్యం చెబుతుంది. చెప్పినది నిజమా అన్న ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు.

అందుచేత అనుసంధిత వాహనాలలో వచ్చిన మాటను మరో ఆధారంతో సరిచూసే ఏర్పాటు కూడా చేస్తున్నారు. ‘ఆగి ఉన్నాను’ అని ఒక లారీ అంటే, వెనుక బండి తన కెమెరాతోను, రాడారుతోను దానిని పోల్చుకుంటుంది. అదే చోట ఇతర వాహనాలు వేగం తగ్గించాయా లేదా అని క్లౌడ్ పరిశీలిస్తుంది. పొంతన కుదరని మాటలు పదేపదే పంపే వాహనం అనుమానితుల జాబితాలో చేరుతుంది. సందేశ యంత్రం ఉన్న లారీ డ్రైవరు కూడా బండి ఆగిపోయినప్పుడు కిందికి దిగి చెట్టుకొమ్మ విరవడం మానవలసిన పని లేదు. వెనుక వచ్చేవాని దగ్గర యంత్రం లేకపోవచ్చు.

ప్రశ్నలు

అ) క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. డిజిటల్ సంతకం సందేశాన్ని ఎట్లా కాపాడుతుందో, దేనిని కాపాడలేదో బహనాగ దుర్ఘటన ఆధారంగా వివరించండి.
2. నేరు మార్గానికి, క్లౌడ్ మార్గానికి గల భేదాన్ని వట్లూరు ప్రాంతపు ఉదాహరణలతో తెలపండి.

ఆ) క్రింది ప్రశ్నలకు అయిదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సీత హనుమంతుని ఎందుకు శంకించినది? ఆమె సందేహం ఎట్లా తీరినది?
2. వాహనాలకు మారుపేర్లు ఎందుకు అవసరం?
3. రైలుమార్గంలో చెల్లే నిశ్శబ్ద సూత్రం రహదారి మీద ఎందుకు చెల్లదు?