పద్దెనిమిది వేలకు ఏ గ్రాఫిక్స్ కార్డు?

పోయిన సెమిస్టర్ సెలవుల ముందు మా జూనియర్ ఒకడు ఫోన్‌లో ఒక ఫొటో చూపించి అడిగినాడు: "అన్నా, పద్దెనిమిది వేలుండాయి. నాయన శనగలమ్మి ఇచ్చిన దుడ్లు. ఈ సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్ 580 తీసుకుందునా?"

శనగలమ్మిన దుడ్లు అన్నాక ఊరికే "తీసుకో" అనలేకపోయాను. ఇద్దరం కూర్చుని లెక్క వేసినాం. ఆ లెక్కే ఈ వ్యాసం.

ముందు మానిటర్, తర్వాత కార్డు

ఫుల్ హెచ్‌డీ తెర అంటే 1920 × 1080, సుమారు 20.7 లక్షల పిక్సెల్స్. సెకనుకు 60 ఫ్రేములంటే సెకనుకు 12.4 కోట్ల పిక్సెల్స్‌కు రంగు లెక్కగట్టాలి. 4కే తెరకు దీనికి నాలుగింతలు. మావాడిది 60 హెర్ట్జ్ ఫుల్ హెచ్‌డీ మానిటర్. ఆ తెర సెకనుకు 60 ఫ్రేములకు మించి చూపించదు. కాబట్టి 150 ఫ్రేములిచ్చే కార్డు కొన్నా, ఆ అదనం కంటికి కనబడదు.

ఇక ఏ ఆటలు? వాలరెంట్, జీటీఏ 5 లాంటివి పెద్ద కార్డు అడగవు. కొత్తగా వచ్చే భారీ ఆటలు మాత్రం మెమరీని బకాసురుడిలా తింటాయి.

మెమరీ: ఎంత ఉంది, ఎంత వేగం

ఆటలోని గోడలు, చెట్లు, ముఖాల బొమ్మలన్నీ కార్డు సొంత మెమరీలో ఉంటాయి. అది నిండితే కార్డు కంప్యూటర్ ర్యామ్ దగ్గరికి పరుగెత్తాలి. ఆర్‌ఎక్స్ 6600 మెమరీ సెకనుకు 224 జీబీ అందిస్తుంది. అదే పాత మదర్‌బోర్డుల్లో ఉండే పీసీఐఈ 3.0 పూర్తి దారి మీద వచ్చేది సుమారు 16 జీబీ. హైవే మీద పోయే బస్సు పొలం గట్టు మీదికి దిగినట్టే. ఆట మధ్యలో తటాలున ఆగి ఆగి నడవడానికి ఒక ముఖ్య కారణం ఇదే. అందుకే ఈ రోజుల్లో 4 జీబీ ఇరుకు, 6 సర్దుబాటు, 8 నిమ్మళం.

పేరు గొప్ప, ఊరు దిబ్బ

పేరొక్కటే చూసి కొనకండి. ఆర్‌టీఎక్స్ 3050లో 8 జీబీది వేరు, 6 జీబీది వేరు. మెమరీ ఒక్కటే కాదు, లోపలి కోర్లు కూడా 2560 నుంచి 2304కు తగ్గినాయి. జీటీ 1030 అయితే మరీ అన్యాయం: జీడీడీఆర్5 రకం సెకనుకు 48 జీబీ ఇస్తే, అదే పేరుతో వచ్చిన డీడీఆర్4 రకం 17 జీబీ కూడా ఇవ్వదు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ నాలుగు లేన్ల మీదే నడుస్తుంది, కాబట్టి పాత మదర్‌బోర్డులో ఇంకా నెమ్మదిస్తుంది.

ఎస్ఎంపీఎస్ మూత తీసి చూడండి

అసలు చిక్కు ఇక్కడే బయటపడింది. మావాడిది ఆఫీసులో వాడి అమ్మేసిన పాత కంప్యూటర్. ఎస్ఎంపీఎస్ మీద 240 వాట్లని రాసుంది. కార్డుకు వేరే కరెంటు తీగ కూడా లేదు. ఆర్‌ఎక్స్ 580కి 185, ప్రాసెసర్‌కు 65, మిగతావాటికి 50 వేసుకుంటే 300 వాట్లు. కొనుంటే ఆట మొదలైన కాసేపటికే సిస్టమ్ ఆగిపోయేది. ఎస్ఎంపీఎస్ కాలినా ఆశ్చర్యం లేదు.

పీసీఐఈ స్లాటు తనంతట తాను 75 వాట్ల వరకు ఇస్తుంది. ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ 70 వాట్లతో సరిపెట్టుకుంటుంది, చాలా మోడళ్లకు వేరే తీగ అక్కర్లేదు. లెక్క 185 దగ్గర ఆగింది. పైగా మావాడికి మెషిన్ లెర్నింగ్ మినీ ప్రాజెక్టు ఉంది, కుడా అక్కడ పనికొస్తుంది. అదే ఖాయం చేసినాం.

మీ దగ్గర 8 పిన్ తీగతో మంచి 450 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉంటే మాత్రం లెక్క మారుతుంది. అప్పుడు 132 వాట్ల ఆర్‌ఎక్స్ 6600 చూడండి. ఉత్త ఆటలకైతే 3050 రెండు రకాలకంటే అదే ముందుంటుంది.

మన ఎండ, మన దుమ్ము

యూట్యూబ్ రివ్యూలు ఏసీ గదుల్లో తీస్తారు. 25 డిగ్రీల గదిలో 70 దగ్గరుండే కార్డు, మే నెలలో 40 డిగ్రీల మిద్దె గదిలో అదే పని చేస్తే 85 వైపు పోతుంది. అక్కడ చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కర్నూలు, కడపల్లో ఉండేవాళ్లు ఒక ఫ్యాను కార్డు కంటే రెండు ఫ్యాన్లది తీసుకోవడం మేలు. క్యాబినెట్‌ను గోడకు ఆనించొద్దు. రెండు నెలలకోసారి దుమ్ము ఊదండి, ఊదేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలు అడ్డం పెట్టండి.

సెకండ్ హ్యాండ్ కొంటే

2022 సెప్టెంబరులో ఎథీరియం పద్ధతి మార్చుకున్నాక, మైనింగ్‌లో రాత్రింబవళ్లు మండిన కార్డులు బజారుకొచ్చినాయి. అన్నీ చెడ్డవని కాదు, పరీక్షించందే డబ్బివ్వొద్దు. జీపీయూ-జెడ్ తెరిచి కోర్ల సంఖ్య చూడండి: ఆర్‌ఎక్స్ 580లో 2304 ఉండాలి, 2048 ఉంటే అది తక్కువ రకం. ఫర్‌మార్క్ పావుగంట నడిపి వేడి, ఫ్యాను చప్పుడు, తెర మీద చుక్కలు గమనించండి.

కొత్తదైతే సీరియల్ నంబరున్న జీఎస్టీ బిల్లు తప్పనిసరి. సికింద్రాబాద్ సీటీసీలోనో, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో వెయ్యి తగ్గిందని సంబరపడే ముందు, రేపు కార్డు పాడైతే రానుపోను చార్జీ ఎంతో కూడా లెక్కేయండి.

ధరలు వారం వారం మారతాయి కాబట్టి ఒక సూత్రం పెట్టుకోండి: ధరను మీరు ఆడే ఆటలో వచ్చే ఫ్రేములతో భాగించండి. 16,000కు 80 ఫ్రేములొస్తే ఫ్రేము 200 రూపాయలు. 12,000కు 40 వస్తే ఫ్రేము 300. చవకగా కనిపించేదే ఖరీదైంది.

మావాడు కార్డు కొన్నాక కొంచెం దుడ్లు మిగిలినాయి. వాటితో ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించుకుందామా అని అడిగినాడు. ముందు నాయనకు ఫోన్ చేసి లెక్క చెప్పమన్నాను.